కడలి లోతు కొలిచిన ఆచార్యుడు - వైవిల్ థామ్సన్

భూమి ఉపరితలంలో నూటికి 71 పాళ్ళు సముద్రమే. అయినా నూటయాభై ఏళ్ళ కిందటి వరకు ఆ నీటి అడుగున ఏముందో మనిషికి తెలీదు. తెలీకపోగా, అక్కడ ప్రాణి అనేదే లేదని పండితులు తీర్మానించి కూర్చున్నారు. ఆ తీర్మానాన్ని తాడుతోనూ వలతోనూ పరీక్షకు పెట్టినవాడు చార్లెస్ వైవిల్ థామ్సన్.

ఆయన 1830 మార్చి 5న స్కాట్లండులోని లిన్‌లిత్‌గో దగ్గర బాన్‌సైడ్‌లో జన్మించాడు. ఎడింబరోలో వైద్యవిద్యలో చేరి, ఆరోగ్యం సహకరించక మధ్యలోనే మానేశాడు. ప్రకృతి శాస్త్రం మీద మక్కువ మాత్రం పోలేదు. ఇరవై ఏళ్ళకే అబర్డీన్‌లో వృక్షశాస్త్ర బోధకుడయ్యాడు. తరువాత ఐర్లండులో కార్క్, బెల్‌ఫాస్ట్ కళాశాలల్లో పనిచేసి, 1870లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రాచార్యుడుగా కుదురుకున్నాడు.

అదే ఆచార్య పీఠాన్ని 1854లో అలంకరించిన ఎడ్వర్డ్ ఫోర్బ్స్, అంతకు ముందు ఈజియన్ సముద్రంలో వలలు వేసి చూశాడు. లోతుకు పోయిన కొద్దీ జీవులు తగ్గిపోతున్నాయి. దాన్ని బట్టి 300 బారలు, అంటే దాదాపు 550 మీటర్లు దాటితే ప్రాణి ఉండదని అంచనా కట్టాడు. వెలుతురు చొరని చోట, ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరిగే ఒత్తిడిలో ఏం బతుకుతుందిలే అని చాలామంది ఒప్పేసుకున్నారు. ఫోర్బ్స్ చూసింది అబద్ధం కాదు. ఈజియన్ లోతుల్లో జీవులు నిజంగానే తక్కువ. ఒక్క సముద్రాన్ని చూసి అన్నిటికీ సూత్రం చెప్పడం దగ్గరే చిక్కు వచ్చింది.

నార్వేలో మైకేల్ సార్స్ ఆ లోతుల నుంచే తీసిన జీవుల్ని చూశాక థామ్సన్ అనుమానం గట్టిపడింది. మిత్రుడు విలియం కార్పెంటర్‌తో కలిసి రాయల్ సొసైటీని కదిలించాడు. 1868లో లైట్నింగ్, 1869లో పోర్క్యుపైన్ అనే నౌకాదళపు ఓడలు దొరికాయి. పోర్క్యుపైన్ మీంచి 2,435 బారల లోతుకు, అంటే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు కిందికి వల దింపారు. బురదతో పాటు జీవులూ పైకొచ్చాయి. పాత అంచనా అక్కడితో సరి.

ఇక అన్ని మహాసముద్రాలనూ చూడాలనుకున్నారు. 1872 డిసెంబరు 21న చాలెంజర్ నౌక పోర్ట్స్‌మౌత్ నుంచి బయలుదేరింది. చాలా ఫిరంగులు తీసేసి ఆ జాగాలో ప్రయోగశాలలు కట్టారు. మూడున్నరేళ్ళలో 68,890 నాటికల్ మైళ్ళు తిరిగి, 362 చోట్ల ఆగి, లోతు, ఉష్ణోగ్రత, నీరు, అడుగు మట్టి, జీవులు పరిశీలించారు. 1875 మార్చి 23న పసిఫిక్‌లో బరువు 4,475 బారలు దిగితే గాని నేల తగల్లేదు. ఈ పని వినడానికి ఉత్సాహంగా ఉంటుంది గాని, రోజూ గంటల తరబడి తాడు దింపడం, లాగడమే. విసిగి చాలామంది నావికులు దారిలో రేవుల్లోనే ఓడ వదిలి పారిపోయారు. యువ శాస్త్రజ్ఞుడు విల్లెమోస్-సూమ్ 28 ఏళ్ళకే జబ్బుతో నడిసముద్రంలో కన్నుమూశాడు.

1876 మే 24న ఓడ తిరిగొచ్చింది. థామ్సన్‌కు సర్ బిరుదు వచ్చింది, దాని వెంటే తలనొప్పులూ వచ్చాయి. ఏ దేశం వాడైనా సరే, ఆ జీవుల్ని బాగా ఎరిగినవాడికే నమూనాలు ఇవ్వాలని ఆయన పట్టు. జర్మనీ వారైన హెకెల్ వంటి వారికి పంపితే స్వదేశంలో కొందరు గొడవ చేశారు. ఖర్చు లెక్కల మీద ప్రభుత్వంతో పేచీ సరేసరి. ఆరోగ్యం పూర్తిగా చెడి, 1882 మార్చి 10న, 52 ఏళ్ళకే బాన్‌సైడ్‌లో మరణించాడు. మిగిలిన భారం శిష్యప్రాయుడైన జాన్ మర్రే ఎత్తుకున్నాడు. 50 సంపుటాల నివేదిక 1895కు గాని పూర్తి కాలేదు. అందులో 4,000కు పైగా కొత్త జీవజాతులున్నాయి.

చాలెంజర్ మన బంగాళాఖాతంలోకి రాలేదు. 1952లో లఫాండ్ వాల్తేరు వచ్చాక, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్ర పరిశోధన ఊపందుకుంది. తూర్పు తీరం దగ్గర నీటి అడుగునున్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అనే పేర్లు వెలిశాయి. ఇంతా చేసి, ప్రపంచ సముద్రాల అడుగులో ఆధునిక పద్ధతుల్లో కొలిచి పటానికెక్కించింది నేటికీ సుమారు నాలుగో వంతే. థామ్సన్ దింపిన తాడు అందుకోవడానికి ఇంకా చాలా చేతులు కావాలి.