మేరీ క్యూరీ గారి గురువారం క్లాసు

వార్సా నగరంలో ఒక మాస్టారి ఇంట్లో అద్దాల బీరువా ఉండేది. అందులో గాజు గొట్టాలు, చిన్న త్రాసులు, ఖనిజాల ముక్కలు, బంగారు రేకుల ఎలక్ట్రోస్కోప్ ఉండేవి. ఆ మాస్టారు చెప్పేది లెక్కలు, ఫిజిక్స్. అప్పట్లో ఆ ప్రాంతం రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. పోలిష్ పిల్లల బడుల్లో ప్రయోగాలకు అధికారులు కోత పెట్టడంతో, క్లాసులో ఉండాల్సిన సామాను ఇంటి బీరువాకు చేరింది. ఆ అద్దం ముందు నిలబడి లోపలికి చూస్తూ ఉండిపోయే చిన్న కూతురి పేరు మరియా స్క్లొడోవ్‌స్కా. 1867 నవంబర్ 7న పుట్టిన ఆ అమ్మాయి మనందరికీ మేరీ క్యూరీగా తెలుసు.

రేడియం, పొలోనియం, రెండు నోబెల్ బహుమతులు మన పిల్లల పాఠ్యపుస్తకాల్లోనే ఉన్నాయి. పుస్తకంలో లేని సంగతి, తల్లిదండ్రులుగా మనకు ఎక్కువ దగ్గరైన సంగతి ఇంకొకటి ఉంది. ఆమె సుమారు రెండేళ్ల పాటు తన కూతురికి, స్నేహితుల పిల్లలకు స్వయంగా సైన్స్ క్లాసు చెప్పారు. ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే, ఆ బీరువా తలుపు ఆమెకు ఎంత ఆలస్యంగా తెరుచుకుందో చూడాలి.

1883లో మరియా బంగారు పతకంతో బడి చదువు ముగించారు. వార్సా విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు ప్రవేశం లేదు. ఇళ్లలో రహస్యంగా, చోటు మారుస్తూ నడిచే ‘ఎగిరే విశ్వవిద్యాలయం’లో కొంత చదువుకున్నారు. తర్వాత అక్క బ్రోన్యాతో ఒక ఒప్పందం కుదుర్చుకున్నారు. ముందు అక్క పారిస్ వెళ్లి డాక్టరు చదవాలి, ఖర్చుకు చెల్లెలు సంపాదించి పంపాలి. అక్క నిలదొక్కుకున్నాక చెల్లెలిని పిలిపించుకోవాలి. ఆ మాట కోసం మరియా ఒక పల్లెలో, సంపన్నుల ఇంట్లో ఉంటూ వాళ్ల పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగంలో మూడేళ్లకు పైగా గడిపారు. రాత్రిళ్లు ఫిజిక్స్, లెక్కల పుస్తకాలు చదువుకునేవారు. ప్రయోగం చేయడానికి మాత్రం ఏమీ లేదు.

చివరికి 1890-91 ప్రాంతంలో వార్సాలోనే ఒక దారి దొరికింది. పరిశ్రమల, వ్యవసాయ మ్యూజియం అన్న పేరు చాటున అక్కడ ఒక ల్యాబ్ నడిచేది. దాన్ని చూసేది వాళ్ల బంధువు యూజెఫ్ బొగుస్కి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మెండలీవ్ దగ్గర సహాయకుడిగా పనిచేసి వచ్చిన మనిషి. సాయంత్రాలు, ఆదివారాలు మరియా అక్కడికి వెళ్లి పుస్తకంలో చదివిన ప్రయోగాలను ఒంటరిగా చేసి చూసేవారు. కొన్ని కుదిరేవి, కొన్ని తిరగబడేవి. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్లు. మన పిల్లలు హైస్కూల్లోనే పట్టుకునే పరీక్షనాళిక కోసం అంత తెలివైన అమ్మాయి అన్నేళ్లు ఆగాల్సి వచ్చింది.

1891 చివర్లో పారిస్ చేరారు. 1893లో ఫిజిక్స్ డిగ్రీలో మొదటి స్థానం, మరుసటి ఏడాది గణితంలో రెండో స్థానం. గణితం చదవడానికి పోలండ్ నుంచి 600 రూబుళ్ల స్కాలర్‌షిప్ వచ్చింది. ఆమె సంపాదన మొదలుపెట్టాక ఎవరూ అడగకుండానే ఆ డబ్బు వెనక్కి కట్టేశారు, ఇంకో విద్యార్థికి పనికొస్తుందని. తర్వాతి కథ మీకు తెలిసిందే. 1895లో పియర్ క్యూరీతో పెళ్లి, 1898లో పొలోనియం, రేడియం, 1903లో నోబెల్. 1906 ఏప్రిల్‌లో పారిస్ వీధిలో గుర్రపు బండి కింద పడి పియర్ చనిపోయారు. ఇద్దరు ఆడపిల్లలు, ఎనిమిదేళ్ల ఇరీన్, ఏడాదిన్నర కూడా నిండని ఈవ్, తల్లి చేతుల్లో మిగిలారు. భర్త చెప్పే పాఠాన్ని ఆమె అందుకుని, సోర్బాన్‌లో బోధించిన తొలి మహిళ అయ్యారు.

అదే సమయంలో ఇరీన్ చదువు ఎలా అన్న ప్రశ్న వచ్చింది. పిల్లలను గాలి ఆడని గదుల్లో గంటల తరబడి కూర్చోబెట్టి పాఠాలు రాయించడం మేరీకి అసలు నచ్చేది కాదు. ఇంటి తోటలో పిల్లల కసరత్తుకు అడ్డకర్ర, రింగులు, తాడు కట్టించిన తల్లి ఆమె. స్నేహితులైన సోర్బాన్ ప్రొఫెసర్లతో మాట్లాడి 1907లో ఒక సహకార బడి లాంటిది మొదలుపెట్టారు. పిల్లలు సుమారు పదిమంది, రోజుకు ఒకటే పాఠం, చెప్పేది తల్లిదండ్రులే. కెమిస్ట్రీ జీన్ పెర్రిన్, గణితం పాల్ లాంజెవిన్ తీసుకున్నారు. సాహిత్యం, చరిత్ర చెబుతూ పిల్లలను లూవ్ర్ మ్యూజియానికి తీసుకెళ్లింది పెర్రిన్ భార్య హెన్రియెట్. ఫిజిక్స్ మేరీది, గురువారం మధ్యాహ్నం.

ఆ క్లాసులో ఏం జరిగేదో మనకు బాగానే తెలుసు. పిల్లల్లో కాస్త పెద్దదైన ఇజబెల్ శవాన్ రాసుకున్న నోట్సు 2003లో పుస్తకంగా వచ్చింది. గాలికి బరువు ఉంటుందా? కుళాయిలోకి నీళ్లు ఎలా వస్తాయి? ఇలాంటి ప్రశ్నలతో పాఠం మొదలయ్యేది. సైకిల్ బేరింగు గుండ్లను సిరాలో ముంచి ఏటవాలు పలక మీదకు వదిలితే, అవి దొర్లుతూ పారాబోలా గీసేవి. పిల్లలు తాము తయారు చేసిన థర్మామీటరు అసలు థర్మామీటరుతో సరిపోయిందని గంతులేసేవారు. బల్ల మీద చెత్త చేసి, తర్వాత తుడుస్తామంటే మాత్రం ఆమె ఊరుకునేవారు కాదు. పని చేస్తూ ఉండగానే శుభ్రంగా ఉండాలి.

ఒకసారి పాత్రలో వేడి ద్రవం చూపించి, ఇది చల్లారకుండా ఏం చేస్తారని అడిగారట. చురుకైన పిల్లలు. ఒకరు ఉన్ని చుట్టాలన్నారు, మరొకరు ఇంకా తెలివైన ఉపాయాలేవో చెప్పారు. మేరీ నవ్వి, నేనైతే ముందు మూత పెడతాను అన్నారు. అంతటితో ఆనాటి క్లాసు అయిపోయింది, పిల్లలకు చాక్లెట్లు, నారింజలు వచ్చాయి. మన ఇళ్లలో సైన్స్ ప్రాజెక్టు అంటే సమర్పించాల్సిన రోజుకు ముందు రాత్రి నాన్న చేతికి అంటుకునే ఫెవికాల్ కదా! ఆ మూత పాఠానికి థర్మాకోల్ కూడా అక్కర్లేదు.

అందరూ మెచ్చుకున్నారని కాదు. చదవడం, రాయడం సరిగ్గా రాని పిల్లలకు ప్రయోగాలు చేసే స్వేచ్ఛ ఇచ్చారని, సోర్బాన్ భవనం ఇంకా పేలిపోలేదని ఒక పారిస్ పత్రిక ఎగతాళి చేసింది. అయితే ఆ బడి ఆగింది ఎగతాళి వల్ల కాదు. సొంత పరిశోధనలతో పాటు పాఠాలు చెప్పడం తల్లిదండ్రులకు భారమైంది. పిల్లలు మన ఇంటర్ బోర్డు పరీక్ష లాంటి బకలోరియాకు తయారవ్వాలి, దానికి సిలబస్ ఉంది. రెండేళ్లకే సహకార బడి మూతపడింది. ఇరీన్ ఒక ప్రైవేటు స్కూల్లో చేరి, అందరిలాగే పరీక్ష రాసింది. పరీక్షను మేరీ తప్పించలేదు, తప్పించాలనీ చూడలేదు. అయితే సిలబస్ చేతికి రాకముందే ఆ పిల్ల వస్తువులను చేత్తో తాకి, తప్పు చేసి, సరిచేసుకుని ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో మేరీ ఎక్స్-రే పరికరాలున్న వ్యాన్లను యుద్ధరంగానికి నడిపించారు. పదిహేడేళ్లకే ఇరీన్ ఆ పనిలో దిగింది. పారిస్ రేడియం ఇన్‌స్టిట్యూట్‌లో దాదాపు 150 మంది మహిళలు ఎక్స్-రే పని నేర్చుకున్నారు. 1921లో అమెరికా మహిళలు చందాలు వేసుకుని లక్ష డాలర్ల విలువైన ఒక గ్రాము రేడియం ఇచ్చారు. అది తన పేరిట కాదు, ల్యాబ్ పేరిట ఉండాలని ముందు రాత్రే పత్రం మార్పించారు. 1929లో అమెరికా నుంచి వచ్చిన 50,000 డాలర్లు వార్సాకు వెళ్లాయి. ప్రయోగాలు నిషేధించిన ఆ ఊళ్లోనే 1932లో రేడియం ఇన్‌స్టిట్యూట్ తెరుచుకుంది. దాని బాధ్యత చూసింది అక్క బ్రోన్యా.

1922 నుంచి మేరీ నానాజాతి సమితి మేధో సహకార కమిటీలో సభ్యురాలు. డబ్బు లేని తెలివైన విద్యార్థులు మంచి ల్యాబ్‌లో పనిచేయడానికి అంతర్జాతీయ సైన్స్ స్కాలర్‌షిప్‌లు ఉండాలని అక్కడ పట్టుబట్టారు. సమావేశాలంటే ఇష్టం లేని మనిషి, ఈ పనికి మాత్రం చివరి దాకా వెళ్లారు. మన జగదీశ్ చంద్ర బోస్ కొన్నేళ్లు ఆ కమిటీలో ఉన్నారు. 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయిన సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా అదే ఏడాది అందులో చేరారు.

1934 జనవరిలో ఇరీన్, ఆమె భర్త ఫ్రెడరిక్ జోలియో కృత్రిమ రేడియోధార్మికతను కనుక్కున్నారు. మరుసటి ఏడాది వాళ్లకు నోబెల్ వచ్చింది, దాన్ని చూడడానికి తల్లి లేరు. 1934 జూలై 4న ఆమె కన్నుమూశారు. అయితే ఆ జనవరిలో కూతురు, అల్లుడు ఒక చిన్న గాజు గొట్టం తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. రేడియం కాల్చిన వేళ్లతో దాన్ని పట్టుకుని ఆమె గైగర్ కౌంటర్ దగ్గరికి జరిపారు. అది టిక్కుటిక్కుమంటుంటే వింటూ నిలబడ్డారు.