బస్సుల కేసులో కుర్చీ దిగిన సంజీవరెడ్డి

నీలం సంజీవరెడ్డి అంటే మన పిల్లోళ్ళకు తెలిసేది ఒకటే ముక్క, అనంతపురం జిల్లా నుంచి పోయి రాష్ట్రపతి అయినాడని. గ్రూప్స్‌కు చదివేటోళ్ళు ఇంకో రోంత చెప్తారు, ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి అని. ఆ రెండు పదవుల నడమ ఒక కోర్టు కేసు ఉండాది. నన్నడిగితే ఆయన జీవితంలో పదవుల కంటే ముందు చదవాల్సింది ఆ కేసే. కోర్టులు సర్కారు చెప్పినట్ల ఆడతాయా, సర్కారే కోర్టు మాట ఇంటాదా అని ఫోన్లల్లో రోజూ కొట్లాడుకుంటాండాము గదా, దానికి మన సీమలోనే పాత లెక్క ఒకటుండాది.

ఆయన పుట్టింది 1913లో, ఇల్లూరులో. రైతు కుటుంబం. అనంతపురం కాలేజీలో చదువు నడమన ఇడిసి స్వాతంత్ర్య పోరాటంలోకి పోయినాడు, జైళ్ళు చూసినాడు. 1952 ఎలక్షన్లో అనంతపురంలో సొంత బామ్మర్ది తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయినాడు. బామ్మర్ది కమ్యూనిస్టు, అదీ జైల్లో ఉండి గెలిచినాడు! 1956 నవంబర్ 1న సంజీవరెడ్డి ముఖ్యమంత్రి. 1960లో కాంగ్రెస్ అధ్యక్షుడై ఢిల్లీకి పోయి, 1962లో కర్నూలు జిల్లా డోన్ నుంచి గెలిచి మళ్ళా ముఖ్యమంత్రి. అసలు కథ ఈడ మొదలైతాది.

ఆర్టీసీ 1958లో పుట్టింది. అంతకుముందు ప్రైవేటోళ్ళ చేతిలో ఉన్న రూట్లను ఒక్కో ప్రాంతంలో తీసుకుంటా వచ్చినారు. చట్టం ప్రకారం ఏ రూటు తీసుకోవల్ల, ఎందుకు తీసుకోవల్ల అనేది ఆర్టీసీనే సొంతంగా ఆలోచించి స్కీము తయారుచెయ్యల్ల. కర్నూలు జిల్లా పడమటి తట్టు రూట్ల మీద స్కీము వచ్చేసరికి బస్సుల ఓనర్లు కోర్టుకెక్కినారు. ఎలక్షన్లలో ముఖ్యమంత్రికి ఎదురు పనిచేసినామని కక్ష కట్టి, వరస తప్పించి మా రూట్లు ముందుకు తెప్పించినాడు అనేది వాళ్ళ ఆరోపణ. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టు గడప తొక్కినారు. సి.ఎస్. రౌజీ కేసు అంటారు, లా చదివే పిల్లోళ్ళకు ఇప్పటికీ పాఠంలో వస్తాది.

ఇంత పెద్ద కేసు తిరిగింది ఒక చిన్న కాగితం మీద. ఆరోపణ ముఖ్యమంత్రి మీద నేరుగా చేసినారు. ఆయన మనసులో ఏముండిందో ఆయనే చెప్పల్ల, ఆఫీసర్లు చెప్తే సరిపోదు. ఆయన మాత్రం అది అబద్ధమని అఫిడవిట్ ఎయ్యలేదు. ఎదురు మాట లేనప్పుడు ఆరోపణను నమ్మక తప్పదని సుప్రీంకోర్టు 1964 మొదట్లో తేల్చింది. ఆర్టీసీ సొంత బుద్ధితో చేసిన స్కీము కాదు, పైనుంచి చెప్పించింది కాబట్టి చెల్లదని కొట్టేసింది.

ఇక్కడ రోంత నిదానంగా చూడండప్పా. బస్సులు సర్కారు నడపడం తప్పని కోర్టు అన్లేదు. సబ్సిడీ విత్తన శెనక్కాయలు పంచే పని ఒకాయనకు ఇచ్చినారనుకోండి. పంచడం మంచిదే, పంచే అధికారమూ ఆయనకుండాది. నాకు ఓటెయ్యని వీధికి మాత్రం ఇయ్యను అంటే ఊరుకుంటామా? అధికారం దేనికోసం ఇచ్చినారో దానికే వాడల్ల. కోర్టు చూసింది అంతవరకే.

1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేసినాడు. దిగిపోమని కోర్టు ఆర్డర్ ఇయ్యలేదు, అసెంబ్లీలో బలం తగ్గలేదు. తీర్పులో తనమీద మాట పడింది, ఇంక కుర్చీలో ఉండకూడదు అనుకున్నాడు. దీన్ని త్యాగం అని నేను రాయను. నాలుగు నెలలు తిరక్కుండానే, జూన్‌లో, లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో చేరినాడు. 1966లో అయితే కేంద్రంలో రవాణా శాఖే చేతికొచ్చింది, బస్సుల కేసులో పోయినాయనకు! అయినా రాష్ట్రంలో గట్టి నాయకుడు ఒక తీర్పుకు తలవంచి పోవడం చిన్న సంగతి కాదు. మళ్ళా అట్లాంటిది చూడాలంటే 1992 దాకా ఆగల్ల. ప్రైవేటు మెడికల్ కాలేజీల కేసులో హైకోర్టు తప్పుపట్టినాక నేదురుమల్లి జనార్దనరెడ్డి దిగిపోయినాడు. తీర్పు నచ్చకపోతే జడ్జిల కులం, ఊరు ఎతికే ఈ కాలంలో ఆ రెండు రాజీనామాలు నాకు ఇంకా పెద్దగా కనపడతాండాయి.

1967లో ఆయన మన హిందూపురం నుంచి ఎంపీగా గెలిచి లోక్‌సభ స్పీకర్ అయినాడు. ఆ కుర్చీలో కూర్చున్నోడు పార్టీ మనిషిగా ఉండకూడదని కాంగ్రెస్ సభ్యత్వం ఇడిసిపెట్టినాడు. 1969లో సభలో పూరీ శంకరాచార్య మీద చర్చ జరిగింది. ఆయన శిష్యులకు కోపమొచ్చి సంజీవరెడ్డి మీద, ఇంకొందరి మీద నష్టపరిహారం దావా ఎసినారు. అది గూడా సుప్రీంకోర్టు దాకా పోయింది. పార్లమెంటులో మాట్లాడినదాని మీద కోర్టుల్లో దావా నిలవదని 1970లో తీర్పొచ్చింది. ముందు ఆయన్ను తప్పుపట్టిన కోర్టే ఈసారి తన గీత దాటకుండా నిలబడింది.

1969లో రాష్ట్రపతి ఎన్నికలో వి.వి. గిరి చేతిలో ఓడిపోయినాడు. 1977లో రాష్ట్రంలో ఉండే 42 ఎంపీ సీట్లలో 41 కాంగ్రెస్‌కు పోతే, మిగిలిన ఒక్కటి ఈయన జనతా పార్టీ తరఫున గెలిచిన నంద్యాల. బస్సుల కేసు పుట్టిన ఆ కర్నూలు జిల్లానే! ఆ ఏడాది జులైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయినాడు. 1978లో వై.వి. చంద్రచూడ్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయినప్పుడు ప్రమాణం చేయించింది ఆయనే.