ఇద్దరి నడుమ నిలిచిన బిడ్డ: అనిబిసెంటమ్మ గారి జీవితము

ధ్యాన భాగము: మొదటి రాజుల గ్రంథము 3వ అధ్యాయము, 16 నుండి 28 వచనములు

సొలొమోను రాజు ఎదుట ఒక బిడ్డ కొరకు ఇద్దరు స్త్రీలు వాదులాడిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలకును తెలిసినదే. ఆ వ్యాజ్యములోని బిడ్డ నోరెరుగని పసివాడు. అయితే మాటలాడగల బిడ్డలను సయితము అడుగక పంచుకొనువారు లోకములో అనేకులు. అట్టి పంపకములో కన్నబిడ్డలను పోగొట్టుకొని, తరువాత మన రాయలసీమ బిడ్డలిద్దరికి పెంపుడు తల్లియైన అనిబిసెంటమ్మ గారిని ఈ మాసము తలంచుకొందము. ఆమె మన విశ్వాసమును విడిచిన స్త్రీ. అయినను ఆమె దుఃఖము ఒక పాదిరిగారి ఇంటనే మొదలైనది గనుక మనము దానిని వినవలసియున్నది.

ఆమె 1847వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన లండను నగరమున జన్మించెను. అయిదేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. తల్లి హారో పాఠశాల పిల్లలకు భోజనవసతి గృహము నడుపుచు, కుమార్తెను చదువు నిమిత్తము వేరొక దొరసాని యొద్ద ఉంచెను. కాగా పరుల ఇంట పెరుగుట ఎట్టిదో ఆమె చిన్ననాడే ఎరిగెను.

1867లో ఆమె ఫ్రాంక్ బిసెంటు అను పాదిరిగారిని వివాహమాడెను. 1869లో డిగ్బీ అను కుమారుడును, 1870లో మేబెల్ అను కుమార్తెయు కలిగిరి. ఆలుమగల మనసులు కలియలేదు. 1871లో మేబెల్ కోరింతదగ్గుతో చావు వాకిట నుండి తిరిగి వచ్చెను. పసిబిడ్డ పడిన బాధను చూచిన తల్లికి దేవుని ప్రేమ మీద సందేహము పుట్టెను. సందేహించు మనసుతో ప్రభువు బల్లను ముట్టనని ఆమె పట్టుపట్టెను. సంస్కారము పుచ్చుకొనుమని, లేనియెడల ఇల్లు విడువుమని భర్త చెప్పెను. ఆమె ఇల్లు విడిచెను. 1873లో వ్రాసికొనిన ఒడంబడిక చొప్పున కుమారుడు తండ్రి యొద్దను, కుమార్తె తల్లి యొద్దను ఉండవలసివచ్చెను. విడిపోయినది ఆలుమగలు మాత్రమే కాదు, అన్నాచెల్లెండ్రును విడిపోయిరి.

ఆ పంపకమైనను నిలువలేదు. 1877లో సంతాన నియంత్రణను గూర్చిన చిన్న పుస్తకమును అచ్చువేసినందుకు ఆమెపై ప్రభుత్వము అభియోగము నడిపెను. మరుసటి ఏట పాదిరిగారు కుమార్తె కొరకు న్యాయస్థానమున కెక్కెను. ఆమె బిడ్డను ప్రేమతో సాకుచున్నదని న్యాయాధిపతి ఒప్పుకొనెను. అయినను ఆమె తలంపులు బిడ్డకు తగవని చెప్పి, మేబెల్‌ను తండ్రికి అప్పగించెను. ఏడేండ్ల బిడ్డ ఏడ్చుచుండగా తీసికొనిపోయిరి. తల్లి జబ్బుపడెను. కొంతకాలము పిమ్మట, తాను వచ్చి పోవుచుండుట వలన పిల్లల మనసులు కలతపడుచున్నవని తలంచి, వారు పెద్దవారగువరకు దూరముగా ఉండుటకు నిశ్చయించుకొనెను. పెరిగి స్వతంత్రులైన పిమ్మట ఇద్దరును తల్లిని వెదకుకొని వచ్చిరి.

1893లో ఆమె మన దేశమునకు వచ్చెను. ఆమె దివ్యజ్ఞాన సమాజమునకు అధ్యక్షురాలగుటయు, 1917లో కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన మొదటి స్త్రీ యగుటయు మన పెద్దలెరిగినవే.

మదనపల్లె ఆ కాలమున కడప జిల్లాలోనిది. అచ్చట 1895లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టెను. 1905లో తల్లి చనిపోయెను. తండ్రి నారాయణయ్యగారు ఉద్యోగము విరమించి, 1909లో పిల్లలతో మద్రాసు అడయారుకు చేరెను. 1910లో కృష్ణమూర్తిని, తమ్ముడు నిత్యానందుని బిసెంటమ్మ సంరక్షణకు అప్పగించుచు ఆయన కాగితము వ్రాసి ఇచ్చెను. తల్లిలేని బాలురు ఆమెను తల్లిగానే ఎంచిరి. అయితే ఆమె సహచరుని మీద తండ్రికి నమ్మకము చెడెను. 1912లో ఆయన తన బిడ్డల కొరకు వ్యాజ్యము వేసెను. 1913లో మద్రాసు హైకోర్టు బాలురను తండ్రికి తిరిగి ఇయ్యవలెనని తీర్పు చెప్పెను. 1914లో లండనులోని ప్రీవీ కౌన్సిలు దానిని కొట్టివేసెను. బాలుర కోరికను ఎవరును విచారింపలేదని అందు ఒక కారణము. అప్పటికి కృష్ణమూర్తికి 18 ఏండ్లు దాటియుండెను.

చదువరులారా, ఇచ్చట ఒక క్షణము ఆగుదము. 1878లో లండనులో ఒక తల్లి పడిన వేదనను, 1912లో కడప సీమ తండ్రి పడెను. ఆనాడు బిడ్డను పోగొట్టుకొనినది ఎవరో, ఈనాడు పరుని బిడ్డలను విడువక పట్టుకొనినదియు ఆమెయే. ఎవరిది న్యాయమో తేల్చుట మన పని కాదు. ఒకటి మాత్రము విశదము. పెద్దలందరును బిడ్డ మేలు కొరకే పోరాడుచున్నామనిరి. ఆ మేలేదో బిడ్డను అడిగినవారు మిక్కిలి కొద్దిమంది.

1929లో కృష్ణమూర్తి, తన కొరకు ఆమె కట్టిన సంఘమును ఆమె ఎదుటనే రద్దుచేసెను. అది ఆమెకు గాయమే. అయినను ఆమె అతనిపై ప్రేమను తీసివేయలేదు. 1933 సెప్టెంబరు 20వ తేదీన అడయారులో కన్నుమూసెను. పెంచిన బిడ్డ తన దారిని పోయినను తల్లిగా నిలుచుట, మారుతల్లులకును మారుతండ్రులకును కావలసిన గుణము.

మన కల్లూరు చుట్టుప్రక్కల పల్లెలలోను విడిపోయిన ఇండ్లు లేకపోలేదు. తండ్రి మారుమనువు చేసికొనును. బిడ్డ కొత్త చిన్నమ్మ ఎదుట కంచము పట్టుకొని బిక్కుబిక్కుమనుచు కూర్చుండును. లేదా తల్లి వెంట కొత్త ఇంటికి పోయి, ఎవరిని నాయనా అని పిలువవలెనో తెలియక మౌనముగా ఉండును. ఆ పిలుపును బలవంతపెట్టకుడి. అది కాలముమీద తానే వచ్చును. దూరమైన తల్లినిగాని తండ్రినిగాని బిడ్డ వినగా నిందింపకుడి. మీ తగవులకు బిడ్డను కబురు మోయువానిగా చేయకుడి. అన్నాచెల్లెండ్రను వీలైనంత వరకు ఒక్కచోట ఉండనియ్యుడి. 1890 నాటి సంరక్షకుల చట్టమును, తెలివి వచ్చిన బిడ్డ ఇష్టమును న్యాయస్థానము గమనింపవచ్చునని చెప్పుచున్నది. చట్టము చూపు ఆ మన్నన మన ఇండ్లలో ఉండవద్దా?

సంఘమునకును పని యున్నది. అట్టి బిడ్డ ఆదివారపు బడికి వచ్చినప్పుడు, నీ తల్లి ఎక్కడ, నీ తండ్రి ఎక్కడ అని నలుగురిలో అడుగకుడి. ప్రక్కన చోటిచ్చి కూర్చుండబెట్టుడి. సొలొమోను ఎదుట నిలిచిన నిజమైన తల్లి, బిడ్డ తనకు దక్కకపోయినను బ్రదికిన చాలునని కోరెను. అట్టి మనసును మన ఇండ్లకు దయచేయుమని ఈ మాసము కుటుంబ ప్రార్థనలలో ప్రభువును వేడుకొందము.