సుందరయ్య గారు వదులుకున్నవి
మన బడి నుంచి వెళ్ళి చర్లపల్లి పారిశ్రామికవాడలో ఇంజనీరుగా చేరిన కొత్తలో, పుచ్చలపల్లి సుందరయ్య గారితో ఒకప్పుడు కలిసి పనిచేసిన ఒక పెద్దాయన పరిచయమయ్యారు. సిద్ధాంతాల కన్నా ఆ మనిషి గురించే ఎక్కువ చెప్పేవారు.

సుందరయ్య గారు 1913లో నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామి ఇంట పుట్టారు. పేరు చివరి కులాన్ని తీసేశారు, వాటాకొచ్చిన ఆస్తిని ఉద్యమానికిచ్చేశారు. ప్రజల పనికి అడ్డు రాకూడదని భార్య లీల గారూ ఆయనా పిల్లలు వద్దనుకున్నారు. పార్లమెంటుకు సైకిల్ మీదే వెళ్ళేవారు. విభేదాలొచ్చినప్పుడు పార్టీ ప్రధాన కార్యదర్శి పదవినే వదిలేశారు. 1985లో కన్నుమూశారు.

ఆయన పార్టీతో నాకు ఏకీభావం లేదు. అయినా ప్రమోషన్ వచ్చిన ప్రతిసారీ, అవసరమైతే ఈ కుర్చీ వదలగలనా అని నన్ను నేను అడుగుతుంటాను.