హెలికాప్టర్ కలగన్నాడు... స్కూటర్ ఇచ్చాడు

మీ ఇంట్లోనో, మీ సందు చివరి ఇంట్లోనో ఓ పాత బజాజ్ చేతక్ ఉండే ఉంటుంది. దుమ్ముకొట్టుకుపోయి మెట్ల కింద పడి ఉన్నా దాన్ని పాత ఇనుముకి వేద్దామని అని చూడండి. తాతయ్య రెండు రోజులు మాట్లాడడు. ఆ బండి స్టార్ట్ కాకపోతే ఓ పక్కకి వంచి మళ్లీ కిక్ కొట్టడం, ముందు నాన్న కాళ్ల మధ్య పిల్లాడు నిలబడటం, వెనక అమ్మ ఒడిలో ఇంకో పాప... ఇవన్నీ చాలా కుటుంబాలకి ఫొటోలు అక్కర్లేని జ్ఞాపకాలు. మనం రెండేళ్లకో ఫోన్ మార్చేస్తాం. పాత ఫోన్ సొరుగులో ఏ మూల ఉందో కూడా గుర్తుండదు. మరి ఈ బండి మీద అంత మమకారం ఎందుకు?

చేతక్ 1972లో వచ్చింది. పేరు రాణా ప్రతాప్ గుర్రానిది, రూపం మాత్రం ఇటలీ వెస్పాది. అంతకుముందు దాదాపు పదేళ్లపాటు బజాజ్ కంపెనీ ఇటలీకి చెందిన పియాజియో లైసెన్స్‌తో ఇక్కడే వెస్పాలు తయారుచేసింది. ఆ వెస్పాని గీసిన ఇంజినీరు పేరు కొరాడినో డాస్కానియో. ఆయన గురించి మీకు రెండు విషయాలు ముందే చెప్పేస్తాను. ఒకటి, ఆయనకి మోటార్‌సైకిలంటే అస్సలు పడదు. రెండు, వెస్పా ఆయన కల కాదు. ఆయన మనసంతా హెలికాప్టర్ల మీదే.

డ్రీమ్ జాబ్ రాలేదని, కోర్ బ్రాంచ్ చదివి వేరే పనిలో పడ్డామని బాధపడేవాళ్లు మీలో ఎంతమంది ఉంటారో నాకు తెలుసు. అందుకే ఈయన్ని ఎంచుకున్నా.

పదిహేనేళ్లకే గ్లైడర్

డాస్కానియో 1891లో ఇటలీలోని అబ్రుజ్జో ప్రాంతంలో, పొపోలి అనే కొండల నడుమ ఊళ్లో పుట్టాడు. రైట్ సోదరులు 1903లో విమానం ఎగరేశారు కదా. ఆ వార్త ఇంకా ప్రపంచానికి సరిగ్గా జీర్ణం కాకముందే, పదిహేనేళ్ల ఈ కుర్రాడు సొంతంగా ఓ గ్లైడర్ కట్టుకుని ఊరి పక్క కొండల మీంచి ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1914లో ట్యూరిన్ పాలిటెక్నిక్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేశాడు. డిగ్రీ చేతికొచ్చేసరికి మొదటి ప్రపంచయుద్ధం. సైన్యంలో చేరి విమానాల విభాగంలో పనిచేశాడు. తర్వాత పొమిలియో అనే విమానాల కంపెనీలో ఉద్యోగం, ఆ కంపెనీతోపాటు 1918లో అమెరికా ప్రయాణం. అక్కడ ఎక్కువ కాలం నిలవలేదు. మరుసటి ఏడాది తిరిగొచ్చి సొంతూళ్లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నాడు.

1925లో పియెట్రో ట్రోయానీ అనే బారన్ పెట్టుబడి పెట్టడానికి ముందుకొచ్చాడు. ఇద్దరూ కలిసి హెలికాప్టర్ల కంపెనీ మొదలుపెట్టారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే స్టార్టప్, ఏంజెల్ ఇన్వెస్టర్. మొదటి రెండు నమూనాలూ ఫెయిలయ్యాయి. మూడోది నిలబడింది. ఒకే ఇరుసు మీద ఒకదానిపై ఒకటిగా, ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు రోటర్లు దానికి. రెండూ వ్యతిరేకంగా తిరగడం వల్ల బండి తనచుట్టూ తాను గిరగిరా తిరిగిపోదు. 1930 అక్టోబరులో రోమ్ దగ్గర చాంపీనో విమానాశ్రయంలో మరినెల్లో నెల్లి అనే పైలట్ దాన్ని ఎగరేశాడు. 8 నిమిషాల 45 సెకన్లు గాల్లో ఉంది. 1,078 మీటర్ల దూరం వెళ్లింది. 18 మీటర్ల ఎత్తుకి లేచింది. ఇవన్నీ అప్పటికి ప్రపంచ రికార్డులు.

18 మీటర్లంటే మన అపార్ట్‌మెంట్ల ఆరో అంతస్తు. నవ్వొస్తుందేమో. కానీ నిలువుగా లేచి, చెప్పినట్టు కదిలి, మళ్లీ దిగడం అప్పటికి ఎవరికీ ఇంతబాగా సాధ్యం కాలేదు.

రికార్డు వచ్చింది, ఆర్డర్లు రాలేదు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ప్రభుత్వానికి ఆసక్తి పోయింది. 1932లో కంపెనీ మూతపడింది. అప్పటికి డాస్కానియో వయసు 41. ప్రపంచ రికార్డు చేతిలో ఉన్న మనిషి ఉద్యోగంలో చేరాల్సి వచ్చింది.

విమానాల కంపెనీకి విమానాల పని పోతే

ఆ ఉద్యోగం ఇచ్చింది పియాజియో. అప్పట్లో అది స్కూటర్ల కంపెనీ కాదు. 1884లో మొదలై ఓడల్లోపలి పనులు, రైలు పెట్టెలు, ఆ తర్వాత విమానాలు తయారుచేస్తూ వచ్చింది. డాస్కానియోకి అక్కడ ప్రొపెల్లర్ల పని అప్పజెప్పారు. ఎగిరే తీరునిబట్టి రెక్కల వాలు మార్చుకునే ప్రొపెల్లర్లలో ఆయనకి మంచి పేరొచ్చింది. పక్కనే ఉన్న పీసా విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పాఠాలూ చెప్పాడు. ఖాళీ దొరికినప్పుడల్లా మళ్లీ హెలికాప్టరే. కంపెనీ కూడా కొన్ని నమూనాలు కట్టనిచ్చింది. ఇంతలో రెండో ప్రపంచయుద్ధం ముంచుకొచ్చింది.

పీసా దగ్గర పోంటెడేరాలో ఉన్న పియాజియో ఫ్యాక్టరీలో బాంబర్ విమానాలు తయారయ్యేవి. అందుకే దాని మీద బాంబులు పడ్డాయి. యుద్ధం ముగిసేసరికి మిగిలింది శిథిలాలే. ఓడిపోయిన దేశంలో యుద్ధవిమానాలు కొనేదెవరు? పని పోయిన వేలమంది కార్మికులు ఎదురుచూస్తున్నారు. రోడ్లన్నీ గుంతలు. కారు కొనే స్తోమత మామూలు మనుషులకి లేదు. అప్పటి యజమాని ఎన్రికో పియాజియో లెక్క సూటిగా ఉంది. జనానికి చవగ్గా తిరిగే బండి కావాలి, తన ఫ్యాక్టరీకి పని కావాలి.

అప్పటికే ఆయన ఇంజినీర్లు ఓ చిన్న స్కూటర్ తయారుచేశారు. ముద్దుపేరు పపెరీనో. డోనాల్డ్ డక్‌ని ఇటలీలో అలా పిలుస్తారు. దానికి నడుమ ఎత్తుగా ఓ మూపురం ఉండేది, ఎక్కాలంటే కాలు పైకెత్తి అటువైపు వేయాల్సిందే. ఎన్రికోకి నచ్చలేదు. డాస్కానియోని పిలిచి కొత్తగా ఆలోచించమన్నాడు.

ఒక్కసారి ఆయన స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. వయసు యాభై దాటింది. జీవితమంతా గాల్లో ఎగిరేవాటితోనే గడిచింది. ఇప్పుడు బాస్ పిలిచి స్కూటర్ గీయమంటున్నాడు. నేనేంటి, నా స్థాయేంటి అనుకోవడానికి ఆయనకి అన్ని కారణాలూ ఉన్నాయి.

చిరాకులే స్పెసిఫికేషన్లు

మోటార్‌సైకిల్ మీద డాస్కానియోకి ఉన్న ఫిర్యాదులు చూడండి. కూర్చోవడానికి సుఖం లేదు. టైరు పంక్చరైతే చక్రం ఊడదీయడం పెద్ద తతంగం. చైన్ నూనె బట్టలకి అంటుకుంటుంది. మోటార్‌సైకిళ్లు గీసే ఇంజినీరుకి ఇవి ఫిర్యాదుల్లా కనిపించవు, బైకంటే అంతే అని సర్దుకుపోతాడు. ఈయనకి ఆ అలవాటు లేదు కాబట్టి ఒక్కో చిరాకునీ ఒక్కో సమస్యగా తీసుకున్నాడు.

చైన్ మురికి చేస్తోందా, చైనే వద్దు. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి నేరుగా వెనక చక్రం పక్కనే బిగించేశాడు. దాంతో ముందువైపు ఖాళీ అయింది. ట్యాంకు, ఇంజిన్ అడ్డులేవు కాబట్టి కాలెత్తి దూకాల్సిన పని లేదు. కుర్చీలో కూర్చున్నట్టు కాళ్లు కిందకి పెట్టుకుని కూర్చోవచ్చు. గౌను వేసుకున్న అమ్మాయీ, కాళ్ల దాకా అంగీ ఉండే చర్చి ఫాదరూ ఇబ్బంది లేకుండా ఎక్కొచ్చు. మన దగ్గరికొచ్చేసరికి చీరలకీ పంచెలకీ అదే పనికొచ్చింది. ముందు రేకు కవచం రోడ్డు బురదని ఆపుతుంది. ఇంజిన్ మీద మూత ఉంది, నూనె మరక పడదు.

పంక్చర్ సంగతికి విమానం గుర్తుచేసుకున్నాడు. విమానం కింద చక్రాన్ని చాలాసార్లు ఒక పక్కనుంచే పట్టుకుని ఉంటుంది కదా, రెండువైపులా ఫోర్క్ ఎందుకు? వెస్పా ముందు చక్రం అలా ఒంటిచేతి మీద నిలబడింది. ఇంకో పక్క ఖాళీ కాబట్టి కారు చక్రంలా నట్లు విప్పి లాగేయొచ్చు. మన స్కూటర్లకి వెనకో, పక్కనో వేలాడే స్టెప్నీ అందుకే సాధ్యమైంది. గేర్లు కూడా కాలితో కాకుండా ఎడమచేతి హ్యాండిల్ మీదే మార్చేలా పెట్టాడు. బూటు పైభాగం అరిగిపోదు.

మెకానికల్ వాళ్లకి అసలు మజా ఫ్రేములో ఉంది. మోటార్‌సైకిలంటే గొట్టాల అస్థిపంజరం, దానిమీద మిగతావన్నీ బిగింపు. విమానాల్లో అలా కాదు, పై రేకే బరువు మోస్తుంది. డాస్కానియో అదే పద్ధతి తెచ్చాడు. రేకుని ప్రెస్‌లో వంచి, స్పాట్ వెల్డింగ్‌తో అతికి, ఒంటినే ఫ్రేముగా చేసేశాడు. తేలిక, గట్టి, పైగా విమానాల రేకు పనిలో చెయ్యి తిరిగిన ఆ ఫ్యాక్టరీ కార్మికులకి బాగా తెలిసిన విద్య. మూతల లోపల ఇరుక్కున్న ఇంజిన్ వేడెక్కిపోకుండా ఫ్యాన్‌తో గాలి కొట్టించాడు. ఇవేవీ కొత్తగా కనిపెట్టినవి కావు. హెలికాప్టర్లు, ప్రొపెల్లర్లు చేస్తూ నేర్చుకున్నదంతా ఓ 98 సీసీ బండిలో సర్దాడంతే. వృథా అయిపోయిందనుకున్న అనుభవం ఎక్కడికీ పోలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఇంజిన్ కుడిపక్కన ఉండటంతో బరువు ఓ వైపు లాగుతుంది. 8 అంగుళాల బుల్లి చక్రాలు గుంతలో పడితే నడుముకి తెలుస్తుంది. చేతక్ నడిపిన ఎవర్నయినా అడగండి, బ్రేకుల గురించి ఓ అరగంట చెబుతారు. నా దృష్టిలో ఆ లోపాలు కూడా ఈ అనుబంధంలో భాగమే. కొంచెం మచ్చిక చేసుకోవాల్సిన బండిని మనుషులు అంత తొందరగా వదులుకోరు. ఈ మాట డిజైన్ పాఠాల్లో చెబితే మార్కులు పడతాయని గ్యారంటీ ఇవ్వలేను.

నమూనా చూసిన ఎన్రికోకి ఆ సన్నటి నడుము, వెనక బలిసిన భాగం, ఇంజిన్ చేసే ఝుమ్మనే శబ్దం కందిరీగని గుర్తుచేశాయట. ఇటాలియన్‌లో కందిరీగని వెస్పా అంటారు. పేరు అక్కడే ఖాయమైంది. 1946 ఏప్రిల్ 23న ఫ్లోరెన్స్‌లో పేటెంట్‌కి దరఖాస్తు చేశారు.

మొదట ఎవరూ నమ్మలేదు

వెస్పాని అమ్మిపెట్టమని పియాజియో ముందు అడిగింది మోటార్‌సైకిళ్లలో పేరున్న మోటో గుజ్జి అధిపతిని. ఆయన ఆసక్తి చూపలేదు. దాంతో లాన్సియా కార్ల డీలర్ల దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. మొదటి ఏడాది అమ్ముడైనవి 2,484. మరుసటి ఏడాది 10,535. 1953లో రోమన్ హాలిడే సినిమాలో ఆడ్రీ హెప్‌బర్న్, గ్రెగరీ పెక్ దానిమీద రోమ్ వీధులు చుట్టేశాక ప్రపంచమంతా చూసింది. 1956కల్లా పది లక్షల బండ్లు తయారయ్యాయి. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం ఓ వెస్పాని తన సేకరణలో పెట్టుకుంది.

మీలో కొందరికి ఈపాటికి ఓ ప్రశ్న వచ్చి ఉంటుంది, ఇంజినీరింగ్ చదివి ప్రొడక్ట్ డిజైన్‌లోకి వెళ్లొచ్చా అని. వెళ్లొచ్చు. ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష రాస్తే ఐఐటీల్లో ఎం.డిజైన్‌కి దారి ఉంటుంది, మన ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్ఐడీ కూడా ఉంది. పోర్ట్‌ఫోలియోకి ఏం చేయాలో తోచకపోతే, మీరు రోజూ వాడుతూ విసుక్కునే వస్తువొకటి పట్టుకోండి. హాస్టల్ బకెట్టో, బస్సులో నిలబడి పట్టుకునే కమ్మీయో, మీ అమ్మ తిట్టుకుంటూ వాడే మిక్సీ మూతో. చిరాకులన్నీ ఓ కాగితం మీద రాసి, ఒక్కోదానికీ ఒక్కో బొమ్మ గీయండి. నున్నగా మెరిసే కాన్సెప్ట్ కారు బొమ్మకంటే అది ఎక్కువసేపు మాట్లాడిస్తుంది.

మళ్లీ గాల్లోకే

డాస్కానియో మాత్రం వెస్పాతో స్థిరపడిపోలేదు. ఆయన ఉద్యోగంలో ఒదిగి ఉన్న ఏళ్లలోనే అమెరికాలో ఇగోర్ సికోర్‌స్కీ దూసుకెళ్లాడు. ఆయన హెలికాప్టర్ యుద్ధకాలంలోనే ఫ్యాక్టరీల్లో తయారై సైన్యానికి చేరింది. ఆ రంగంలో ముందు అడుగేసిన మనిషి పేరు మెల్లగా వెనక్కి పోయింది. యుద్ధం తర్వాత డాస్కానియో పియాజియోలోనే మరో హెలికాప్టర్ కట్టాడు. 1950ల మొదట్లో అది ప్రమాదానికి గురైంది. స్కూటర్ల మీద బంగారంలాంటి లాభాలొస్తుంటే ఎగరని యంత్రాల మీద డబ్బెందుకని కంపెనీ ఆ పని ఆపేసింది. ఒకరకంగా ఆయన సృష్టే ఆయన కలకి అడ్డం పడింది.

ఆయన ఊరుకోలేదు. పియాజియో నుంచి బయటికొచ్చాక, డెబ్బై దాటిన వయసులో, ఆగస్టా అనే హెలికాప్టర్ల కంపెనీకి ఓ చిన్న హెలికాప్టర్ డిజైన్ చేశాడు. అదీ మార్కెట్‌లోకి రాలేదు. లోకం తనని స్కూటర్‌తోనే గుర్తుపెట్టుకోవడం ఆయనకి చివరిదాకా లోటుగానే ఉండేదంటారు. ఆ బాధని నేను తేలిగ్గా తీసేయలేను. కోట్లాది మంది మెచ్చుకున్నా, మనం ఇష్టపడి చేసిన పనికి ఆ మెప్పు దక్కకపోతే లోపల ఖాళీగానే ఉంటుంది. అయినా అప్పజెప్పిన స్కూటర్ పనిలో ఆయన ఎక్కడా చెయ్యి తగ్గించలేదు, అది ఆ బండి చూస్తేనే తెలుస్తుంది.

1981 ఆగస్టులో, తొంభై ఏళ్ల వయసులో ఆయన పీసాలో కన్నుమూశాడు. ఆ రోజుల్లో మన దగ్గర బజాజ్ స్కూటర్‌కి డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు. బండి ఇంటికొచ్చిన రోజు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వీధివీధంతా స్వీట్లు పంచిన ఇళ్లున్నాయి. ఆ ఇళ్లలో ఎవరికీ డాస్కానియో పేరు తెలియదు.