ఒకరు రాసింది అందరికీ: గ్రేస్ హాపర్ జీవితం

మన హాస్టళ్ళలో సీనియర్ల నోట్సు చేతులు మారుతూ జూనియర్లకు చేరుతుంది. ఎత్తి రాసేటప్పుడు ఒక్క గుర్తు తప్పితే ఆ తప్పు కూడా తర్వాతి బ్యాచ్‌కు వెళ్తుంది. కంప్యూటర్లు పుట్టిన కొత్తలో ప్రోగ్రాముల పరిస్థితీ ఇదే. దానిని మార్చినవారిలో మనం తప్పక తెలుసుకోవలసిన వ్యక్తి గ్రేస్ హాపర్.

ఆమె 1906 డిసెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించారు. ఏడేళ్ళ వయసులో అలారం గడియారం ఎలా పనిచేస్తుందో చూడాలని ఇంట్లోని ఏడు గడియారాలనూ విప్పేశారట. పదహారేళ్ళప్పుడు వాసర్ కళాశాలలో చేరబోతే లాటిన్‌లో మార్కులు చాలక సీటు రాలేదు. మరుసటి ఏడాది చేరి, 1928లో డిగ్రీ పూర్తిచేశారు. 1931 నుండి అక్కడే పాఠాలు చెబుతూ, 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుండి గణితంలో డాక్టరేట్ పొందారు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, నౌకాదళ రిజర్వులో చేరారు. ఉండవలసిన బరువు లేకపోయినా ప్రత్యేక అనుమతి సంపాదించారు. 1944లో ఆమెను హార్వర్డ్‌లోని మార్క్-1 కంప్యూటర్ దగ్గర పనికి వేశారు. అది 51 అడుగుల పొడవైన యంత్రం. పనికొచ్చే ప్రోగ్రాము ముక్కలను అక్కడివారు నోటుపుస్తకాల్లో రాసుకుని, ఒకరి దగ్గర నుండి మరొకరు ఎత్తి రాసుకునేవారు. తర్వాత వచ్చిన యంత్రాల్లో ఇంకో చిక్కు వచ్చింది. ముక్క చోటు మారితే అందులోని చిరునామాలన్నీ చేత్తో లెక్కకట్టి మార్చాలి. ఎత్తి రాయడంలో తప్పులు, కూడికలో తప్పులు!

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో విల్క్స్, వీలర్ల బృందం ఇలాంటి ముక్కలను కాగితపు టేపులపై గ్రంథాలయంగా కూర్చింది. హాపర్ 1949లో ఎకర్ట్-మాక్లీ సంస్థలో చేరి, యూనివాక్ కంప్యూటర్ కోసం 1952లో ఎ-0 తయారుచేశారు. ముక్కలన్నీ అయస్కాంత టేపుపై ఉంటాయి. ఒక్కొక్కదానికి ఒక నంబరు. ప్రోగ్రామర్ ఆ నంబర్లు, ఇవ్వవలసిన వివరాలు వరుసగా రాస్తే చాలు. వెతకడం, చేర్చడం, చిరునామాలు సరిచేయడం యంత్రమే చూసుకుంటుంది.

ఈనాడు సి భాషలో రాసిన ఫంక్షన్‌ను పైథాన్ నుండి పిలిచేటప్పుడు మేము చేసేదీ ఇలాంటిదే. ఆ ఫంక్షన్ విండోస్‌లో డి.ఎల్.ఎల్. ఫైలులో ఉంటుంది, లినక్స్‌లో ఎస్.ఓ. ఫైలులో. దాని పేరు కచ్చితంగా తెలియాలి. ఏ రకం విలువలు ఏ వరుసలో ఇవ్వాలి, జవాబు ఏ రకంగా వస్తుంది అన్నదానిపై రెండు వైపులా ఒకే ఒప్పందం ఉండాలి. ఉదాహరణకు, సిటైప్స్ ద్వారా వర్గమూలం ఫంక్షన్‌కు 25 ఇచ్చామనుకోండి. వచ్చే జవాబు దశాంశ సంఖ్య అని ముందుగా చెప్పకపోతే పైథాన్ దానిని పూర్ణాంకంగానే చదువుతుంది. హెచ్చరిక ఏమీ రాదు. 5 రావలసిన చోట అర్థంలేని అంకె వస్తుంది.

హాపర్ అంతటితో ఆగలేదు. ఇంగ్లీషు మాటలతో ఆదేశాలు తీసుకునే ఫ్లో-మాటిక్ భాషను తెచ్చారు. ఫ్రెంచి, జర్మను మాటలతోనూ యంత్రం పనిచేస్తుందని చూపించినప్పుడు యాజమాన్యం కంగారుపడి ఒప్పుకోలేదు. యంత్రానికి మాత్రం ఏ భాష మాటైనా ఒక గుర్తే. ఇంగ్లీషు సరిగా రాదు కనుక కంప్యూటర్ మనది కాదనుకునే తెలుగు మీడియం తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఫ్లో-మాటిక్ పునాదిగా కోబాల్ భాష రూపొందింది. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామును రెండు వేర్వేరు కంపెనీల కంప్యూటర్లపై నడిపి చూపించారు. నౌకాదళం 1966లో రిటైరైన ఆమెను 1967లో మళ్ళీ పిలిపించుకుంది. 79 ఏళ్ళ వయసులో, 1986లో, రియర్ అడ్మిరల్ హోదాలో విరమించారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. 2016లో ఆమెకు మరణానంతరం అమెరికా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రకటించారు.

మాలో చాలామందికి ఇంట్లో డిగ్రీ చదివినవారు మేమే మొదలు. ఏ ఫారం ఎక్కడ ఇవ్వాలో, ఏ పరీక్షకు ఏది చదవాలో చెప్పేవారు లేక ప్రతిదీ మొదటి నుండి వెతుక్కున్నాం. మా వెనక వచ్చేవారికి ఆ పని మిగలకూడదు. తెలిసినది సరిచూసి, ఏం కావాలో, ఏం వస్తుందో స్పష్టంగా రాసి, అందరికీ అందేచోట ఉంచుదాం. హాపర్ జీవితం నుండి మనం నేర్చుకోవలసినది ఇదే.