ముందు ఇరుసు మార్చిన మనిషి: ఆర్థర్ హెరింగ్టన్

ఎక్కడైనా జిమ్నీ పార్క్ చేసి ఉంటే ఒకసారి వంగి దాని ముందు చక్రాల మధ్యలోకి చూడండి. ఒక చక్రం నుంచి ఇంకో చక్రం దాకా అడ్డంగా ఒక లావుపాటి ఇనప గొట్టం కనిపిస్తుంది. ఎద్దుబండికి ఇరుసు ఉంటుంది కదా, అదే. కాకపోతే ఇది లోపల బోలు, అందులో షాఫ్టులు తిరుగుతుంటాయి. దీన్నే సాలిడ్ ఫ్రంట్ యాక్సిల్ అంటారు. మామూలు కార్లలో ఇది ఉండదు. ఒక్కో ముందు చక్రం దేనికది విడిగా పైకీ కిందకీ ఊగుతుంది. రోడ్డు మీద అదే సుఖం. కానీ రాళ్లల్లో, వాగుల్లో తిరిగేవాళ్లు మాత్రం సాలిడ్ యాక్సిలే కావాలంటారు. ఒక చక్రం రాయి ఎక్కితే రెండోది కిందకి నొక్కుకుని నేలని పట్టుకుంటుంది, పైగా విరగడానికి చిన్న చిన్న ముక్కలు తక్కువ.

అమెరికాలో 1985 దాకా టొయోటా ఫోర్-వీల్-డ్రైవ్ పికప్‌కి ఈ ఇరుసు కంపెనీ నుంచే వచ్చేది. 1986 మోడల్ నుంచి తీసేశారు. అప్పటి నుంచి ఆ బండ్లు కొని, కంపెనీ ఇచ్చిన ముందు సస్పెన్షన్ మొత్తం కోసి పారేసి, సాలిడ్ యాక్సిల్ వెల్డింగ్ చేసుకునే జనం అక్కడ తయారయ్యారు. కొత్త బండి కొని దాన్ని కోయడం ఏంట్రా బాబూ అనిపిస్తుంది. కానీ ఇదేం కొత్త పిచ్చి కాదు. జీప్ అనేది పుట్టకముందే, ఫోర్డ్ పికప్‌ల ముందు ఇరుసు తీసేసి వేరేది పెట్టడాన్ని ఒక ఫ్యాక్టరీ వ్యాపారంగా నడిపిన మనిషి ఉన్నాడు. పేరు ఆర్థర్ హెరింగ్టన్. పాత ఫోర్-వీల్-డ్రైవ్ బండ్ల లోకంలో ఆ పేరు తెలియనివాళ్లు ఉండరు.

1891లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం అమెరికా వెళ్లిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో మోటారు బండ్ల విభాగంలో పని చేశాడు. ఆయన జీవితంలో మిగతాదంతా అక్కడి బురదలోంచే వచ్చిందని నాకనిపిస్తుంది. ఆ రోజుల్లో లారీ అంటే వెనక చక్రాలు తోస్తాయి, ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి. మెత్తటి నేలలో వెనక నుంచి తోసేకొద్దీ ముందు చక్రాలు నాగలిలా దిగబడిపోతాయి. అప్పటికే నాలుగు చక్రాలూ తిరిగే లారీలు లేకపోలేదు. ఎఫ్‌డబ్ల్యూడీ, జెఫరీ క్వాడ్ అనేవి యుద్ధంలో బాగా వాడారు. కానీ అవి ప్రత్యేకంగా కట్టిన బండ్లు, దేని స్పేర్లు దానివే. ఎన్నో రకాల కంపెనీల లారీలు ఒకే సైన్యంలో ఉంటే ఒకదాని గేరు ఇంకోదానికి పట్టదు. ఒక చిన్న ముక్క లేక బండి మొత్తం మూలన పడేది. యుద్ధం అయ్యాక కూడా ఆయన సైన్యం బండ్ల పనినే పట్టుకున్నాడు. కల్నల్ హెరింగ్టన్ అనే పేరు చివరిదాకా ఉండిపోయింది.

1931లో, అంటే గ్రేట్ డిప్రెషన్ మధ్యలో, వాల్టర్ మార్మన్‌తో కలిసి ఇండియానాపొలిస్‌లో మార్మన్-హెరింగ్టన్ కంపెనీ పెట్టాడు. మార్మన్ వాళ్లు చిన్నవాళ్లేం కాదు. 1911లో మొట్టమొదటి ఇండియానాపొలిస్ 500 రేసు గెలిచిన కారు వాళ్లదే. కానీ డిప్రెషన్‌లో ఖరీదైన కార్లు కొనే నాథుడు లేడు, 1933కల్లా ఆ కార్ల కంపెనీ మూతపడింది. కొత్త కంపెనీ మాత్రం బతికింది. మొదటి ఆర్డరు అమెరికా సైన్యం నుంచి, విమానాలకి పెట్రోలు పోసే 33 లారీలు. తర్వాత ఇరాక్ ఎడారిలో కిర్కుక్ నుంచి మధ్యధరా సముద్రం దాకా ఆయిల్ పైప్‌లైన్ వేస్తుంటే, ఆ పైపులు మోయడానికి వీళ్ల భారీ లారీలు వెళ్లాయి. డమాస్కస్ నుంచి బాగ్దాద్‌కి ఎడారి మీదుగా బస్సులు నడిపిన నైర్న్ కంపెనీ కూడా వీళ్ల ఇంజన్ బండ్లే వాడింది.

ఇవన్నీ పెద్ద బండ్లు, తక్కువ సంఖ్య, ఎక్కువ ధర. అసలు ఐడియా 1935లో వచ్చింది. బండి మొత్తం మనమే ఎందుకు కట్టాలి? ఫోర్డ్ వాళ్లు లక్షల్లో తయారు చేస్తున్నారు, వీ8 ఇంజనుంది, ప్రతి ఊళ్లో డీలరున్నాడు. ఆ బండినే తీసుకుని నాలుగు చక్రాలూ తిరిగేలా మారిస్తే పోలా?

మా సీఎస్ఈ భాషలో చెప్పాలంటే సొంతంగా ఆపరేటింగ్ సిస్టమ్ రాయడం మానేసి, ఉన్నదాన్ని ఫోర్క్ చేసి ప్యాచ్ వేయడం అన్నమాట. అయితే ఈ ప్యాచ్ వేయడం కష్టం.

ఫోర్డ్ బండికి ముందు ఉన్నది ఉత్త దూలం. బరువు మోస్తుంది, చివర్లలో చక్రాలు పక్కకి తిరగనిస్తుంది, అంతే. ముందు దాన్ని విప్పేయాలి. దాని స్థానంలో వెనక ఇరుసు లాంటిదే, మధ్యలో డిఫరెన్షియల్ ఉన్న బోలు ఇరుసు పెట్టాలి. దానికి చోటు కావాలి కాబట్టి బండి ఎత్తు పెరుగుతుంది. గేర్ బాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేస్ అని ఇంకో గేర్ల పెట్టె రావాలి. ఇంజన్ బలాన్ని అది రెండుగా పంచి, ఒక షాఫ్టుని వెనక్కి, ఒకదాన్ని ముందుకి పంపుతుంది. ముందూ వెనకా గేర్ నిష్పత్తి సరిగ్గా ఒకటే ఉండాలి, తేడా వస్తే రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి కుస్తీ పడతాయి. నిష్పత్తి సరిపోయినా మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. అందుకే గట్టి రోడ్డు మీద ముందు ఇరుసుని విడదీసే లివర్ ఉండాలి.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి చక్రం దగ్గర. వెనక చక్రానికి తిరగడం ఒక్కటే పని. ముందు చక్రం తిరగాలి, పక్కకి మళ్లాలి కూడా. మామూలు యూనివర్సల్ జాయింటు పెడితే, అది వంగి ఉన్నప్పుడు ఇటువైపు షాఫ్టు ఒకే వేగంతో తిరిగినా అటువైపు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. మలుపు తీసుకునేసరికి స్టీరింగ్ చేతిలో కొట్టుకుంటుంది. దీనికి కాన్‌స్టంట్ వెలాసిటీ జాయింట్లు కావాలి. ఇప్పుడు దాదాపు ప్రతి మారుతి కారులోనూ రబ్బరు బూటు వేసుకుని కూర్చునే ఆ జాయింటు అప్పుడు కొత్త వస్తువు. అందులో ఉక్కు బంతులు ఎంత కచ్చితంగా కూర్చోవాలో, ఎంత బలం తట్టుకోవాలో తేలడమే అసలు ఇంజనీరింగ్. మిగతాదంతా ఫిట్టింగ్ అని మెకానికల్ వాళ్లు ఒప్పుకోకపోవచ్చు, నా లెక్క మాత్రం అదే.

ఇందులో హెరింగ్టన్ తెలివి ఇంకోటుంది. వీలైనన్ని చోట్ల ఫోర్డ్ ముక్కలే వాడటం. గేరు పోతే ఇండియానాపొలిస్‌కి ఉత్తరం రాయక్కర్లేదు, దగ్గర్లో ఉన్న ఫోర్డ్ డీలరు దగ్గరికెళితే చాలు. యుద్ధంలో చూసిన స్పేర్ పార్టుల గొడవకి ఆయన ఇచ్చిన జవాబు ఇదేననిపిస్తుంది. అయినా చౌక కాదు. మార్పిడి చేయించిన పికప్‌కి మామూలు పికప్ కన్నా చాలా ఎక్కువ డబ్బు పెట్టాలి. కొన్నది ఎవరంటే ఆయిల్ వెతికేవాళ్లు, గనుల వాళ్లు, సైన్యాలు. రోడ్డు అయిపోయిన చోట పని ఉన్నవాళ్లు.

అమెరికా సైన్యం కూడా అర టన్ను ఫోర్డ్ మార్పిడి బండిని పరీక్షించి కొన్నిటిని తీసుకుంది. దాన్ని జీప్‌కి తాత అనేవాళ్లున్నారు. 1940లో సైన్యం అంతకన్నా చిన్న బండి అడిగినప్పుడు ఆ పేరు బాంటమ్, విల్లీస్, ఫోర్డ్‌లకి పోయింది. ముందు ఇరుసు స్పైసర్ వాళ్లది. కానీ తేలికైన బండికి తిరిగే ముందు ఇరుసు పెడితే ఏమేం చేయగలదో సైన్యం అంతకుముందే హెరింగ్టన్ బండ్లలో చూసింది. చరిత్రలో ఇలాంటివాళ్లకి ఫుట్‌నోట్ దక్కుతుంది, బొమ్మ దక్కదు.

యుద్ధంలో ఆయన ఇరుసులు ఆయన ఊహించని చోటికి కూడా వెళ్లాయి. దక్షిణాఫ్రికాకి సొంతంగా సాయుధ కార్లు కట్టే పరిశ్రమ లేదు. ఫోర్డ్ లారీ చాసిస్‌లు తెప్పించుకుని, మార్మన్-హెరింగ్టన్ ఫోర్-వీల్-డ్రైవ్ కిట్లు బిగించి, పైన ఉక్కు రేకులతో బాడీ కట్టుకున్నారు. 5,000కి పైగా తయారయ్యాయి. లిబియా, ఈజిప్టు ఎడారుల్లో వాటిని అందరూ మార్మన్-హెరింగ్టన్ అనే పిలిచారు, అసలు కట్టింది ఎవరైనా సరే. అదే కంపెనీ విమానంలో మోసుకెళ్లే లోకస్ట్ అనే బుల్లి ట్యాంకు కూడా చేసింది. 830 తయారైతే, 1945 మార్చిలో రైన్ నది దాటేటప్పుడు బ్రిటిష్ వాళ్లు దింపినవి 8. అది పెద్దగా పనికిరాలేదు. ఇరుసుల మనిషి ట్యాంకుల జోలికి వెళ్లకుండా ఉండాల్సింది.

మన దేశానికి సంబంధించిన సంగతి 1942లో ఉంది. ఆ ఏడాది ఆయన ఎస్ఏఈకి, అంటే సొసైటీ ఆఫ్ ఆటోమోటివ్ ఇంజనీర్స్‌కి ప్రెసిడెంటు. బాహా బండి కడుతూ రాత్రుళ్లు వర్క్‌షాప్‌లో ఉండే మన సీనియర్లు ఏ సంస్థ పేరుతో పోటీకి వెళతారో, ఆ సంస్థే. మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. భారతదేశం యుద్ధసామగ్రి ఎంత తయారు చేయగలదో చూసి రమ్మని అమెరికా నలుగురి బృందాన్ని పంపింది. నాయకుడు హెన్రీ గ్రేడీ, సభ్యుల్లో ఒకడు హెరింగ్టన్. ఆ వేసవిలోనే కొన్ని వారాలు ఇక్కడి ఫ్యాక్టరీలూ వర్క్‌షాపులూ రైల్వేలూ రేవులూ చూశారు. యంత్రాలు తెప్పించాలి, ఉన్న వర్క్‌షాపుల్ని పూర్తిగా వాడాలి, రవాణా బాగుపడాలి అంటూ పెద్ద పెట్టుబడితో రిపోర్టు రాశారు. ఓడలు లేవు, సామాను యుద్ధానికి కావాలి, ఇక్కడ క్విట్ ఇండియా మొదలైంది. రిపోర్టు చాలావరకు అటకెక్కింది. ఆ సిఫార్సులు అమలైతే మన ఇంజనీరింగ్ పరిశ్రమ ఒక పదేళ్లు ముందే లేచేదా అని ఆలోచిస్తే కడుపు మండుతుంది. చివరికి తిరిగే ముందు ఇరుసు మన జిల్లాలకి జీప్ రూపంలో వచ్చింది. 1945లో పుట్టిన మహీంద్రా తర్వాత విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. తహసీల్దారు జీపు, ఎలక్షన్ల జీపు, అన్నిటికీ ముందు కమాన్ పట్టీల మీద అదే అడ్డ ఇరుసు.

యుద్ధం తర్వాత సైన్యం మిగిల్చిన జీపులూ లారీలూ చవగ్గా దొరుకుతుంటే మార్పిడి బండి ఎవరు కొంటారు? కంపెనీ ట్రాలీబస్సుల వైపు తిరిగింది. వైర్ల కింద కరెంటుతో నడిచే అల్యూమినియం బస్సులు 1946 నుంచి 1,500కి పైగా చేసింది. అవి మంచి బస్సులే, కానీ అమెరికన్ నగరాలు ఆ వైర్లనే పీకేశాయి. ఫోర్డ్ మార్పిడి పని మాత్రం పక్కన నడుస్తూనే ఉంది. 1959లో ఫోర్డ్ తన పికప్‌కి ఫోర్-వీల్-డ్రైవ్‌ని తనే ఫ్యాక్టరీలో పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. ఇరవై నాలుగేళ్లు ఆయన ఆ పని చేసి చూపించాడు, ఇది అమ్ముడుపోతుందని నిరూపించాడు. నిరూపణ పూర్తయ్యాక బండి యజమాని వచ్చి తీసుకున్నాడు. మనలో ఎవరైనా ఒక పెద్ద కంపెనీ యాప్‌కి ప్లగిన్ రాసి బతుకుదామనుకుంటే ఈ తేదీ గుర్తుపెట్టుకోవచ్చు. ఇందులో అన్యాయం ఉందా అంటే నేను చెప్పలేను. ఫోర్డ్ బండి లేకపోతే ఆయన ఇరుసుకి చోటే లేదు కదా.

1960ల మొదట్లో కంపెనీ ప్రిట్జ్‌కర్ కుటుంబం చేతికి వెళ్లింది. వాళ్లకి ఆ పేరు నచ్చి తమ వ్యాపారాలన్నిటికీ కలిపి మార్మన్ గ్రూప్ అని పెట్టుకున్నారు, హెరింగ్టన్ అన్న సగం పైకి రాలేదు. ఆ గ్రూపు ఇప్పుడు వారెన్ బఫెట్ పెంచిన బెర్క్‌షైర్ హాథవేలో భాగం. హెరింగ్టన్ 1970లో చనిపోయాడు. ఆ గ్రూపులోనే, కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో, మార్మన్-హెరింగ్టన్ అన్న పూర్తి పేరుతో ఒక చిన్న కంపెనీ ఇంకా ఉంది. ఇతరులు కట్టిన లారీలకి తిరిగే ముందు ఇరుసులు చేస్తుంది.